కృప ఉచితమైతే మొక్కులెందుకు, కానుకలెందుకు?

ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడ గుణదల కొండ దారిలో మనం నడిచేదేమీ ఉండదు, జనమే నడిపిస్తారు. 1924లో ఫాదర్ ఆర్లాటి ఇక్కడ మేరీమాత విగ్రహం ప్రతిష్ఠించిన నాటి నుంచి పెరుగుతూ వచ్చిన తిరునాళ్ల ఇది. తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొవ్వొత్తుల కట్టలు పట్టుకుని మెట్లెక్కేవాళ్ళు, చంటిబిడ్డను ఎత్తుకుని మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. ఈ ఏడు ఆ జనంలో మా అక్క కూతురు కూడా ఉంది. గుంటూరులో లూథరన్ (ప్రొటెస్టంటు) ఇంట్లో పుట్టి పెరిగి, బెజవాడలో ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్ళింటికి కోడలుగా వెళ్ళిన పిల్ల. కాన్పు కష్టమైనప్పుడు, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే గుణదలలో పుట్టువెంట్రుకలు తీయిస్తానని వాళ్ళత్తగారు మొక్కుకున్నారట. ఆ మొక్కు తీర్చి వచ్చారు.

ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. "మావయ్యా, కృప ఉచితం, మన క్రియల వల్ల వచ్చేది కాదు అని సండే స్కూల్లో కంఠతా పట్టించారు కదా. మరి ఈ గుండు దేనికి?" నేను నోరు తెరిచేలోపే ఇంకోటి అడిగింది. "సరే, అది వాళ్ళ సంగతి అందాం. మన చర్చిలో కానుక కవరు మీద పేరు, ఎంత ఇచ్చామో రాయమంటారే, అది దేనికి?"

ఇది ఆ పిల్ల ఒక్కదాని సందేహం కాదు. ఫోన్లలో తిరిగే ప్రసంగాల ముక్కలు వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. కృప వచ్చాక మోషే ధర్మశాస్త్రంతో పనే లేదంటాడు ఒక బోధకుడు. దశమభాగం (రాబడిలో పదో వంతు) ఎగ్గొడితే శాపం తప్పదంటాడు ఇంకొకాయన. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే బైబిలు. అందుకే మొదటి నుంచి, మాట దగ్గర నుంచి మొదలుపెడదాం.

కృప అన్న ఒక్క మాట వెనక మూడు మాటలు

మన తెలుగు బైబిల్లో "కృప" అని ఉన్నచోటల్లా మూలంలో ఒకే మాట లేదు. ముఖ్యంగా మూడున్నాయి.

మొదటిది హీబ్రూలో "హేన్". పెద్దవాడు కింద ఉన్నవాడి వైపు ప్రసన్నంగా చూసే చూపు. "నోవహు యెహోవా దృష్టియందు కృప పొందినవాడాయెను" అన్నచోట ఉన్నది ఇదే. రెండోది కూడా హీబ్రూ మాటే, "హెసెద్". ఇది మాట ఇచ్చినవాడు ఆ మాటను వదలకుండా పట్టుకుని ఉండే ప్రేమ. 136వ కీర్తనలో 26 వచనాలుంటే, "ఆయన కృప నిరంతరముండును" అని 26 సార్లూ వస్తుంది. అది హెసెద్. మూడోది గ్రీకు మాట "ఖారిస్". కొత్త నిబంధనలో పౌలు పదే పదే వాడే మాట ఇది. దీనికి బహుమానం అని, అభిమానం అని, చివరికి కృతజ్ఞత అని కూడా అర్థాలున్నాయి. ఇచ్చినదానికీ, ఇచ్చినందుకు చెప్పే వందనానికీ గ్రీకులో ఒకే మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

హెసెద్ అంటే ఏమిటో అర్థం కావాలంటే రెండో సమూయేలు 9వ అధ్యాయంలో మెఫీబోషెతు కథ చదవాలి. దావీదును చంపాలని వెంటాడిన సౌలు రాజుకు ఇతను మనవడు. అయిదేళ్ళప్పుడు దాది చేతుల్లోంచి పడి రెండు కాళ్ళూ కుంటివయ్యాయి. పాత రాజు వంశంలో మిగిలినవాణ్ణి కొత్త రాజు పిలిపించాడంటే తల తీయడానికే అనుకోవాలి. అతను వచ్చి సాగిలపడి, తాను చచ్చిన కుక్కలాంటివాణ్ణని అన్నాడు. దావీదు అతని తాత పొలమంతా తిరిగి ఇచ్చి, రోజూ తన బల్ల దగ్గరే భోజనం చేయమన్నాడు. ఎందుకు? మెఫీబోషెతు తండ్రి యోనాతానుకు దావీదు మాట ఇచ్చి ఉన్నాడు. అంటే ఈ దయకు కారణం లేకపోలేదు. ఆ కారణం పుచ్చుకున్నవాడిలో లేదు, అంతే. క్రైస్తవులు "అర్హత లేని కృప" అన్నప్పుడు చెప్పదలచుకున్నది సరిగ్గా ఇదే.

మన ప్రాంతపు సంఘాల మధ్య ఇంకో తేడా ఉంది. ఖారిస్‌నుంచి పుట్టిన ఒక మాటతోనే గబ్రియేలు దూత మరియను పలకరించాడు. లూథరన్, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టుల ఇళ్ళలో ఉండే బైబిల్లో అది "దయాప్రాప్తురాలా" అని ఉంటుంది. ఆర్‌సీఎం వాళ్ళ జపంలో "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అవుతుంది. "దయాప్రాప్తురాలు" అంటే దయ పొందిన మనిషి. అక్కడ కృప అనేది ఇచ్చేవాడి మనసులో ఉన్న దయ. "వరప్రసాదముచేత నిండిన" అంటే ఆ కృప ఈ మనిషి లోపలికి వచ్చి చేరింది. కృప దేవుడి వైఖరా, మనలో పనిచేసే శక్తా అని యూరప్‌లో వందల ఏళ్ళు సాగిన వాదన, కృష్ణ ఒడ్డున రెండు పలకరింపుల్లో ఇమిడిపోయి ఉంది. పైగా "ప్రసాదం" మనందరి మాట. గుంటూరు, విజయవాడల మధ్య మంగళగిరిలో పానకాలస్వామి తాగగా మిగిలిన పానకం చేతిలో పోయించుకునే భక్తుడికి కూడా తెలిసిన మాటే.

న్యాయం, కనికరం, కృప: ఒక ప్రోనోటు లెక్క

ఈ మూడు మాటలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. లెక్క వేసి చూద్దాం.

ఒక మిరప రైతు పెట్టుబడికి 3,00,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు వడ్డీ 6,000. రెండేళ్ళకు 1,44,000. అసలుతో కలిపి 4,44,000 అయింది. పంట తెగులుకు పోయింది. ఇచ్చినాయన ఆ 4,44,000 కట్టించుకుంటే అది న్యాయం. అందులో తప్పేమీ లేదు. నోటు మీద సంతకం ఉంది. "వడ్డీ వద్దులే, అసలు ఇవ్వు" అన్నా, "వచ్చే పంట దాకా ఆగుతాను" అన్నా అది కనికరం. నోటు చింపేసి "నీకూ నాకూ చెల్లు" అంటే క్షమాపణ. చింపేసి, పైన లక్ష రూపాయలు చేతిలో పెట్టి "ఈ ఏడు మళ్ళీ వేసుకో" అంటే, అదీ కృప.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. ఆ 4,44,000 గాల్లో కలిసిపోలేదు. రైతు కట్టలేదు కాబట్టి ఇచ్చినాయన భరించాడు. మూడేళ్ళు దాటి నోటుకు కాలదోషం పట్టి అప్పు తీరని అప్పుగానే మురిగిపోవడం వేరు, ఇచ్చినవాడు నష్టం తన మీద వేసుకుని రద్దు చేయడం వేరు. క్రైస్తవ విశ్వాసంలో సిలువ దగ్గర జరిగింది ఈ రెండోది. కొలస్సీ పత్రికలో, అంటే కొలస్సీ ఊరి విశ్వాసులకు రాసిన ఉత్తరంలో, పౌలు మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడని రాస్తాడు. ఉచితం అన్నది పుచ్చుకునేవాడికి. ఇచ్చినవాడికి ప్రాణమే ఖర్చయింది.

అప్పు పోలిక ఒక్కటే దారి అని మాత్రం అనుకోకూడదు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఇదే సంగతిని మరణం మీద గెలుపుగా, రోగికి వైద్యంగా ఎక్కువ చెబుతాయి. మన పల్లెల్లో అప్పు అంటే ఏమిటో వివరించక్కర్లేదు కాబట్టి మన ప్రసంగాల్లో ఋణపత్రమే బాగా నిలిచింది.

అడ్డా మీద సాయంత్రం అయిదింటి దాకా నిలబడ్డవాళ్ళు

కృప మీద యేసు చెప్పిన కథల్లో ఎక్కువ కోపం తెప్పించేది మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథ. చిన్నప్పుడు విన్నప్పుడు నాకూ అది అన్యాయంగానే అనిపించింది.

మన ఊళ్ళోకి తెచ్చుకుందాం. తెల్లవారి ఆరింటికి కూలీల అడ్డా. మేస్త్రీ వచ్చి రోజుకు 800 అని మాట్లాడుకుని కొందరిని బండెక్కిస్తాడు. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి మళ్ళీ వచ్చి ఇంకొందరిని తీసుకెళతాడు. సాయంత్రం అయిదింటికి చివరిసారి వస్తాడు. ఆరింటికి పని ఆపేస్తారు. కూలి పంచేటప్పుడు చివర వచ్చినవాళ్ళను ముందు పిలిచి 800 ఇస్తాడు. పొద్దున వచ్చినవాళ్ళు మనసులో లెక్కలు కడతారు. గంటకు 800 అయితే మాకు పన్నెండు గంటలకు 9,600 రావాలి కదా! వాళ్ళ చేతిలోనూ 800 పెడతాడు.

అడ్డా మీద సాయంత్రం దాకా మిగిలేది ఎవరో, అటుగా వెళ్ళేవాళ్ళకు తెలుసు. కండ ఉన్నవాణ్ణి ఏడింటికల్లా ఎత్తుకుపోతారు. పది దాటాక ఉండేది ముసలివాళ్ళు, దగ్గుతున్నవాళ్ళు, చెయ్యి విరిగి అతికినవాళ్ళు. టిఫిను డబ్బా అక్కడే గట్టు మీద విప్పి, అక్కడే తిని, మళ్ళీ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటారు. "ఎందుకు ఊరికే నిలబడ్డారు" అని యజమాని అడిగితే కథలో వాళ్ళిచ్చిన జవాబు, "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు." బద్ధకం కాదది. పాలస్తీనాలో ఆనాడు ఒక దేనారం (కథలో ఆ రోజు కూలి) అంటే ఒక ఇంటికి ఆ రోజు తిండి. గంట పనికి గంట కూలి ఇస్తే లెక్క సరిపోతుంది, పిల్లలు పస్తుంటారు.

పొద్దున్నే వచ్చినవాళ్ళ ఫిర్యాదు కూడా జాగ్రత్తగా వినాలి. మాకు తక్కువిచ్చావని వాళ్ళు అనలేదు. మాట్లాడుకున్న కూలి వాళ్ళకు అందింది. వాళ్ళ బాధ "మాతో వారిని సమానము చేసితివే" అన్నది. కృపను విన్నవాళ్ళలో ఎక్కువమందికి గుచ్చుకునేది ఇక్కడే. నాకు ఉచితంగా దొరికితే సంతోషమే. పక్కవాడికీ అంతే దొరికితే, ఇన్నేళ్ళ నా ఉపవాసాలు, నా పరిచర్య ఏమైనట్టు? యజమాని అడిగిన ప్రశ్నకు తెలుగు అనువాదకులు భలే మాట పెట్టారు: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?"

ఇంకొక్కటి. అయిదింటికి వచ్చినవాళ్ళను కూడా యజమాని తోటలోకి పంపాడు. అడ్డా మీదే డబ్బు పంచి వెళ్ళిపోలేదు.

చదివింపుల పుస్తకం: అర్హత చూడకపోవడం, తిరిగి ఏమీ కోరకపోవడం

కృప మీద గొడవల్లో చాలా భాగం రెండు వేరు వేరు సంగతుల్ని ఒకటిగా కలిపేయడంతో వస్తున్నాయని నా నమ్మకం. అర్హత చూడకుండా ఇవ్వడం ఒకటి. తిరిగి ఏమీ కోరకుండా ఇవ్వడం ఇంకొకటి.

మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం చూడండి. వేదిక పక్కన కుర్చీ వేసుకుని ఒకాయన కూర్చుంటాడు. ఎవరు ఎంత చదివించారో ఊరి పేరుతో సహా రాసుకుంటాడు. రేపు వాళ్ళింట్లో పెళ్ళి వస్తే ఆ పుస్తకం తీసి, అంతకు తగ్గకుండా చదివిస్తాం. ఇది మోసం కాదు, బంధాలు నిలిచేది అలాగే. యేసు, పౌలు కాలపు రోమా లోకంలో కూడా బహుమానాలు ఇలాగే నడిచాయి. ఇచ్చేవాడు తగినవాణ్ణి ఏరుకుని ఇచ్చేవాడు, పుచ్చుకున్నవాడు కట్టుబడి ఉండేవాడు.

బ్రిటన్‌కు చెందిన కొత్త నిబంధన పండితుడు జాన్ బార్‌క్లే 2015లో ఈ సంగతిని విడమరిచి రాశాడు. "పరిపూర్ణమైన బహుమానం" అన్నప్పుడు మనుషులు ఆరు వేరు వేరు గుణాల్లో ఏదో ఒకదాన్ని ఉద్దేశిస్తారంటాడు: విస్తారంగా ఇవ్వడం, ఇవ్వడం తప్ప మరొకటి ఎరగకపోవడం, అడగకముందే ఇవ్వడం, అర్హత చూడకుండా ఇవ్వడం, ఇచ్చింది అనుకున్న ఫలితం సాధించడం, తిరిగి ఏమీ కోరకపోవడం. పౌలు గట్టిగా పట్టుకున్నది అర్హత చూడకపోవడాన్ని. తిరిగి ఏమీ కోరని దేవుణ్ణి పౌలు చెప్పలేదని బార్‌క్లే వాదన. అందరు పండితులూ దీన్ని ఒప్పుకోలేదు. ప్రతిఫలం మాట ఎత్తగానే కృప మళ్ళీ బేరంగా మారుతుందన్నది వాళ్ళ భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, చరిత్రలో అలా జరిగింది.

అయినా ఈ తేడా పట్టుకుంటే ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం తేటగా కనిపిస్తుంది. మా అక్క కూతురు కంఠతా పట్టింది 8, 9 వచనాలు: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు." అక్కడితో ఆపేశారు. పదో వచనం, మనం సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డామని అంటుంది. క్రియలు కొట్టివేయబడలేదు. వాటి స్థానం మారింది. తలుపు ముందు ఉన్నవి తలుపు లోపలికి వెళ్ళాయి.

తన వాటా ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడి కథలో కూడా ఇదే. పందుల దగ్గర కూర్చున్నప్పుడు అతను ఒక మాట సిద్ధం చేసుకుంటాడు: నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో. తండ్రి ఎదురుపడ్డాక ఆ చివరి ముక్క అతని నోట రాలేదు. అది రాకముందే తండ్రి ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. మర్నాటి నుంచి ఆ కుర్రాడు పొలం పనికి వెళ్ళే ఉంటాడు. వెళ్ళింది కూలివాడిగా కాదు, కొడుకుగా.

"తీర్చబడి" అన్న మాటలో రెండు సంఘాలు

చరిత్ర చాలా పెద్దది, త్వరగా దాటుదాం. అయిదో శతాబ్దపు మొదట్లో పెలాగియస్ అనే బోధకుడు, దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని పాటించే శక్తి మనిషికి ఉన్నట్టే కదా అన్నాడు. చేయలేనని వంక చెప్పేవాళ్ళను చూసి విసిగిన మనిషి ఆయన. బిషప్పు అగస్టీన్ ఒప్పుకోలేదు. మనిషి కోరికే చెడింది, మంచిని కోరడానికి కూడా కృప కావాలన్నాడు. 418లో కార్తేజ్ సభ, 529లో ఆరెంజ్ సభ పెలాగియస్ మార్గాన్ని కాదన్నాయి. కాబట్టి "కేథలిక్కులు క్రియలతో రక్షణ అంటారు" అనే మన వైపు ప్రచారం నిజం కాదు. 1547లో కేథలిక్కుల ట్రెంట్ సభ మొదటి సూత్రమే, కృప లేకుండా సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడనేవాణ్ణి ఖండిస్తుంది.

మరి 1517లో జర్మనీ గురువు మార్టిన్ లూథర్ గొడవ దేని మీద? పాపపు శిక్ష తగ్గిస్తామంటూ పత్రాలు అమ్మడం మీద మొదలై, లోతుకు వెళ్ళేసరికి ఈ ప్రశ్న దగ్గర ఆగింది: దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతుడిగా మారుస్తాడా? లూథర్ వైపువాళ్ళది కోర్టు భాష. తీర్పు ఇప్పుడే వచ్చింది, నువ్వు నిర్దోషివి, ఆ నీతి క్రీస్తుది. ట్రెంట్ వైపువాళ్ళది ఆసుపత్రి భాష. కృప మందులా లోపలికి వెళ్ళి మనిషిని బాగుచేస్తుంది, ఆ బాగుపడటంలో మనిషి సహకరిస్తాడు.

మన తెలుగు బైబిల్లో రోమా 5:1 "విశ్వాసమూలమున మనము నీతిమంతులముగా తీర్చబడి" అని ఉంది. తీర్చడం అంటే తీర్పు చెప్పడమూ అవుతుంది, తీర్చిదిద్దడమూ అవుతుంది. అనువాదకులు కావాలని పెట్టారో లేదో కానీ, ఆ ఒక్క క్రియాపదంలో లూథర్, ట్రెంట్ పక్కపక్కన కూర్చున్నారు.

1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కేథలిక్ సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనలో ఏ అర్హతా లేకుండా, కృపచేతనే, క్రీస్తు మీది విశ్వాసంలో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, సత్క్రియలకు పిలుస్తాడని రెండు వైపులా ఒప్పుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు చేరాయి. తేడాలన్నీ పోలేదు, సంతకం పెట్టని లూథరన్ సంఘాలూ ఉన్నాయి. అయితే 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన పనినుంచి ఎదిగిన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం కూడా ఆ సమాఖ్యలో సభ్యురాలే. మన సంఘాల్లో ఈ ప్రకటన ఊసే వినపడదు. వియ్యమందుకునే ఇళ్ళలోనైనా వినపడాలని నా కోరిక.

సింగ్‌నగర్ బకెట్, కోతిపిల్ల, పిల్లికూన

కృప ఉచితమే, మరి విశ్వాసం మాటేమిటి? నమ్మడం కూడా మనం చేసే పనే కదా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళు మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు. రెండు పాత చీరలు ముడేసి, ప్లాస్టిక్ బకెట్‌కు కట్టి కిటికీలోంచి కిందికి వదిలేవాళ్ళు. పడవలో వచ్చినవాళ్ళు అందులో పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు పెట్టేవాళ్ళు. ఇది ఏ పార్టీ ఇల్లు, ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగలేదు. బకెట్ వదిలినందుకు ఆ పాలు పిన్ని కష్టార్జితమని ఎవరైనా అంటారా? అనరు. బకెట్ వదలని ఇంటికి పాలు అందాయా? అదీ లేదు. విశ్వాసం ఖాళీ చెయ్యి అని లూథరన్ బోధకులు చెప్పేది ఇలాంటిదే. చెయ్యి చాపడం కూలిపని కాదు.

కానీ అదే వీధిలో కింది వాటాలో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడు. ఆయన బకెట్ వదల్లేదు, కేక వేయలేదు. స్పృహ లేని మనిషిని నలుగురు కుర్రాళ్ళు భుజాన వేసుకుని పైకి చేర్చారు. మనిషి ఆత్మీయ స్థితి మా పిన్నిదా, ఆ ముసలాయనదా? పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ మార్గంవాళ్ళు ముసలాయనదే అంటారు. చెయ్యి చాపే శక్తి కూడా దేవుడే ఇవ్వాలి, ఇస్తే అది విఫలం కాదు. డచ్ బోధకుడు అర్మీనియస్ మార్గంవాళ్ళు, దేవుడే ముందు వస్తాడు గానీ మనిషి కాదనగలడంటారు. ఈ తగవు 1618-19లో డచ్ దేశంలో డార్ట్ సభ దాకా వెళ్ళింది. తర్వాత మెథడిస్టు మార్గానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ, చెయ్యి చాపేంత స్పృహను అందరికీ ముందే తెప్పించే కృప ఒకటుందని, అక్కడి నుంచి ఎంపిక మనదని చెప్పాడు. మొదటివాళ్ళను, మరి అందరినీ ఎందుకు ఎత్తుకోలేదని అడగాలి. రెండోవాళ్ళను, చెయ్యి చాపినవాడికి చాపనివాడి మీద అతిశయం రాదా అని అడగాలి. ఇద్దరికీ తేలిక జవాబు లేదు.

మన నేలకు ఈ ప్రశ్న కొత్త కాదు. శ్రీవైష్ణవంలో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని ఉన్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని ఉంటుంది. పిల్లికూనను తల్లే నోట కరుచుకుని తీసుకెళుతుంది. దేవుడి దయకు మనిషి వైపునుంచి చిన్న సాకైనా ఉండాలని వడగలై వారు, అక్కర్లేదు, అది నిర్హేతుక కృప అని తెంగలై వారు అన్నారు. కర్మ, మోక్షం, అవతారం విషయంలో రెండు మతాల లెక్కలు వేరు, కలిపేయకూడదు. కానీ కృప గురించి గట్టిగా ఆలోచించినవాళ్ళు ఎక్కడైనా ఈ కూడలికే వచ్చారు.

ఇళ్ళలో ఇది బాప్తిస్మం దగ్గర తేలుతుంది. ఆర్‌సీఎం, లూథరన్, సీఎస్‌ఐ వాళ్ళు చంటిబిడ్డకు ఇస్తారు. కృప బిడ్డ తెలివి కోసం ఆగదని వాళ్ళ మాట. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు వాళ్ళు నోటితో ఒప్పుకునే వయసు దాకా ఆగుతారు.

చవక కృప, ఖరీదు కట్టిన కృప

ఉచితం కాబట్టి ఎలాగైనా బతకొచ్చా? ఈ ప్రశ్న పౌలుకే ఎదురైంది: "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అట్లనరాదు అని ఆయనే తోసిపుచ్చాడు. హిట్లర్ కాలంలో డీట్రిక్ బోన్‌హోఫర్ అనే జర్మన్ లూథరన్ పాస్టరు, పశ్చాత్తాపం లేకుండా క్షమాపణ పంచే సంఘాన్ని చూసి దాన్ని "చవక కృప" అన్నాడు. ఆయన్ను 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. తన సంఘపు మూల సిద్ధాంతం ముసుగుగా మారుతున్నదని ఒక లూథరనే చెప్పడం నాకు ముఖ్యంగా తోస్తుంది.

చవక కృపకు ఎదురుగా కనిపించే తప్పు, దానికి ఖరీదు కట్టడం. "విత్తనం వేయండి, వందరెట్లు కోయండి" అంటూ ఫలానా మొత్తానికి ఫలానా దీవెన అని చెప్పేచోట ఖారిస్ లేదు, చిట్‌ఫండ్ ఉంది. ఇది నా మాట, గట్టిగానే అంటున్నాను. అప్పు చేసి మరీ అలాంటి కానుకలు ఇచ్చిన ఇళ్ళు నేను చూశాను.

యాకోబు పత్రిక "క్రియలు లేని విశ్వాసం మృతం" అంటుంది కదా అని అడుగుతారు. పౌలు చెట్టును నాటడం గురించి మాట్లాడితే, యాకోబు కాయని చెట్టు బతికుందా అని అడుగుతున్నాడని ఎక్కువమంది వ్యాఖ్యాతలు కలిపి చదువుతారు. లూథర్‌కు మాత్రం ఆ పత్రిక కొరుకుడు పడలేదు.

"నీకు అర్హత లేదు" అన్న మాట ఎవరి చెవికి ఎలా వినిపిస్తుంది

మన జిల్లాల క్రైస్తవుల్లో ఎక్కువమంది పూర్వీకులు మాల మాదిగ పల్లెలవాళ్ళు. బావి దగ్గరికి రావడానికి అర్హత లేదు, బడిలో కూర్చోవడానికి అర్హత లేదు అని వేరేవాళ్ళ నోట తరతరాలు విన్నవాళ్ళు. అలాంటివాళ్ళకు ప్రసంగ వేదిక మీద నుంచి కూడా "నీకు అర్హత లేదు" అని వినిపిస్తే అది పాత గాయాన్నే కెలుకుతుంది. దళిత క్రైస్తవ ఆలోచనాపరులు ఎత్తిచూపినది ఇదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నాకు అర్థమైనంతవరకు జవాబు ఇది: కృప ఎవరి అర్హతనూ అడగదు. కింద ఉన్నవాడి కొరతను చూడదు, పై కులంవాడి గొప్పనూ చూడదు. అలా అడగకపోవడమే ఆ పల్లెలకు మొదటిసారి దొరికిన గౌరవం.

1876-78 నాటి కరువులో ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. ఆ సాయం సాగినన్నాళ్ళూ ఎంతమంది అడిగినా బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూటికోసం మతం అనే మాట రాకూడదని, సాయం ఎవరికీ బేరంగా కనపడకూడదని. అది ఆగాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్క రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు గుర్తు చెరగకముందే వచ్చినవాళ్ళు కదా అని అప్పుడూ ఇప్పుడూ సందేహించినవాళ్ళున్నారు. అడగదగిన ప్రశ్నే. కానీ అన్నం పెట్టే చేతినీ బాప్తిస్మం ఇచ్చే చేతినీ అన్నాళ్ళు విడిగా ఉంచిన మనిషికి, బహుమానం ఎక్కడ బేరమైపోతుందో బాగా తెలుసు.

కవరూ, పుట్టువెంట్రుకలూ

మా అక్క కూతురికి నేను కవరు సంగతి ముందు చెప్పాను. పేరు రాయించుకోవడం లెక్కల కోసం, ట్రెజరర్ మీద అనుమానం రాకుండా. అంతవరకు తప్పు లేదు. పండగ రోజు మైకులో పేర్లూ మొత్తాలూ చదివితే అది చదివింపులే అవుతుంది. నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న యేసు మాటకు అక్కడ చోటుండదు. మన చర్చిలో అలా చదివిన రోజులున్నాయని ఒప్పుకున్నాను.

మొక్కు గురించి కేథలిక్ గురువులు చెప్పేది, అది కృతజ్ఞత (ఖారిస్‌కు ఆ అర్థమూ ఉందని చెప్పుకున్నాం) అని, దేవుడి దయకు వెల కాదని. నువ్విస్తే నేనిస్తానన్న బేరంగా మొక్కుకునేవాళ్ళూ ఉంటారు, మన ప్రార్థనల్లోనూ ఉంటారు. ఏది ఏదో బయట నిలబడి గుండు చూసి చెప్పలేం. "మీ అత్తగారినే అడుగు" అన్నాను.

రెండు రోజులాగి మళ్ళీ ఫోన్ చేసింది. అడిగిందట. "అత్తయ్యా, బిడ్డ దక్కకపోయి ఉంటే గుణదల వెళ్ళేవారా?"

ఆవిడ బిడ్డ నున్నటి తల మీద గంధం రాస్తూ అన్నారట, "ఇంకా ముందే వెళ్ళేదాన్నమ్మా, ఏడవడానికి."